ఆవు కట్టకపోతే ఆంబోతునూ చూడాలి
మగ పశువుల జననేంద్రియ వ్యాధులు: కారణాలు, లక్షణాలు, పరీక్షలు

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, సుక్మా జిల్లాలో, శబరి నది ఒడ్డున ఉంది కొంటా. నదికి ఆవల ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా, రోడ్డు వెంట కాస్త దిగువకు వస్తే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. మూడు రాష్ట్రాలు కలిసే ఈ చోట తెలుగు, దోర్లి, కోయ, గోండి, హిందీ, ఒడియా మాటలు ఒకే సంతలో వినిపిస్తాయి. పశువులకైతే రాష్ట్రాల సరిహద్దులే లేవు.

ఈ ప్రాంతానికి తనదైన పశుజాతి ఒకటి ఉంది. కొంటాకు ఎదురుగా నది అవతల ఉన్న మోటు అనే ఊరి పేరే దానికి వచ్చింది. పొట్టిగా, ఎక్కువగా గోధుమ రంగులో ఉండే మోటు పశువుల్లో చాలావాటికి కొమ్ములు ఉండవు. మల్కన్‌గిరితో పాటు పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్ ప్రాంతాల్లోనూ ఇవి కనిపిస్తాయి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ వీటిని ప్రత్యేక దేశవాళీ జాతిగా గుర్తించింది. పాల కోసం కన్నా వరి మడి దున్నడానికే రైతులు వీటిని ఎక్కువగా పెంచుతారు. పగలంతా అడవి అంచుల్లో, కోసిన పొలాల్లో మందలుగా మేస్తాయి. ఎదకు వచ్చిన ఆవును మందలోని ఆంబోతు దాటుతుంది. ఎప్పుడు దాటిందో, ఏ ఆంబోతు దాటిందో చాలాసార్లు ఎవరూ చూడరు.

ఇలాంటి మందలో ఆవు చూలు నిలవకపోతే లోపం ఆవుదే అనుకోవడం మామూలు. దాణా పెడతారు, మందులు తాగిస్తారు, చివరికి సంతకు తోలతారు. ఆంబోతును మాత్రం ఎవరూ అనుమానించరు. బలంగా ఉంది, రంకె వేస్తోంది, ఆవును దాటుతోంది, ఇంకేం కావాలి అనుకుంటారు. దాటే శక్తి ఉన్నంత మాత్రాన చూలు కట్టించే శక్తి ఉన్నట్లు కాదు. మగ పశువుల జననేంద్రియ వ్యాధుల గురించి ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

ఒక్క ఆంబోతు, నలభై ఆవులు

ఒక ఆవు గర్భసంచిలో లోపం ఉంటే ఆ ఏడాది ఒక దూడ తగ్గుతుంది. నలభై ఆవుల మందకు ఒకే ఆంబోతు ఉండి, లోపం దానిలో ఉంటే నలభై దూడలూ ప్రమాదంలో పడతాయి. ఆంబోతు పూర్తిగా గొడ్డుపోతే కొన్ని నెలల్లోనైనా తెలుస్తుంది. వీర్యం నాణ్యత సగానికి పడిపోయిన ఆంబోతు అంత త్వరగా దొరకదు. కొన్ని ఆవులు కడతాయి, కొన్ని రెండు మూడుసార్లు తిరిగి ఎదకు వచ్చి ఆలస్యంగా కడతాయి. మందలో దూడల సంఖ్య ఏటా కొంచెం కొంచెంగా తగ్గుతూ ఉంటుంది. కారణం మేత అనో, ఎండ అనో సరిపెట్టుకుంటారు.

ఆంబోతు మీద ఈ బరువు ఏటికేడు పెరుగుతోంది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో ఆవు జాతి పశువులు 19.25 కోట్లు. వాటిలో ఆడవి 14.5 కోట్లకు పైనే. 2012తో పోలిస్తే ఆడ పశువులు 18 శాతం పెరిగాయి, మగవి 30 శాతం తగ్గాయి. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దుల అవసరం తగ్గింది, కోడెదూడలను ఉంచుకోవడం భారమైంది. మగవి తగ్గినకొద్దీ ఉన్న కొద్దిపాటి ఆంబోతులే ఎక్కువ ఆవులను దాటాలి. కృత్రిమ గర్భధారణ అందని మారుమూల పల్లెల్లో దీనికి వేరే దారి లేదు.

చల్లగా ఉంటేనే పని

ఆంబోతు శరీరం లోపలి ఉష్ణోగ్రత సుమారు 38.5 డిగ్రీల సెల్సియస్. వీర్యకణాలు సరిగా తయారుకావాలంటే వృషణాలు అంతకన్నా 2 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉండాలి. అందుకే అవి పొట్టలో కాకుండా బయట తిత్తిలో వేలాడుతుంటాయి. వేలాడినంత మాత్రాన చల్లబడవు. వృషణానికి వేడి రక్తం తెచ్చే ధమని తిత్తి పైభాగంలో మెలికలు మెలికలుగా చుట్టుకొని ఉంటుంది. చుట్టూ అల్లుకున్న సన్నని సిరలు వృషణం నుంచి చల్లబడిన రక్తాన్ని పైకి తీసుకెళుతుంటాయి. ఎదురెదురుగా ప్రవహించే రెండు రక్తాల మధ్య వేడి మారుతుంది. దిగే రక్తం చల్లబడుతుంది, ఎక్కే రక్తం వేడెక్కుతుంది. కర్మాగారాల్లో వేడి ద్రవాన్ని చల్లార్చే ఉష్ణ వినిమయ యంత్రాలు పనిచేసేది కూడా ఈ సూత్రంపైనే. దీనికి తోడు తిత్తి చర్మంలో చెమట గ్రంథులు ఉంటాయి. ఎండలో తిత్తిని కిందికి వదిలి, చలిలో పైకి లాక్కునే కండరాలూ ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూస్తే ఆరోగ్యమైన ఆంబోతు తిత్తి పైభాగం కన్నా కిందిభాగం 4 నుంచి 6 డిగ్రీలు చల్లగా కనిపిస్తుంది. ఆ తేడా చెరిగిపోతే లోపల ఏదో జరుగుతోందని అర్థం.

మూపురం ఉన్న మన దేశవాళీ జాతులు ఈ విషయంలో అదృష్టవంతులు. యూరప్ జాతులతో పోలిస్తే వాటి వృషణ ధమని పొడవు ఎక్కువ, గోడ పలుచన. వేడి మార్పిడి మెరుగ్గా జరుగుతుంది. మే నెలలో పాదరసం 45 డిగ్రీలకు చేరే శబరి, గోదావరి లోయల్లో ఈ గుణం చిన్నదేమీ కాదు. దీనికీ ఒక హద్దు ఉంది. నీడ, నీళ్లు దొరక్కపోయినా, జ్వరం వచ్చినా, తిత్తి మీద పుండు పడి వాచినా వృషణాలు వేడెక్కుతాయి. అలా వృషణాల కణజాలం దెబ్బతినడాన్ని వృషణ క్షీణత అంటారు. ఆంబోతుల్లో సంతానలేమికి ఎక్కువగా కనిపించే కారణాల్లో ఇదొకటి.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఆంబోతులో ఒక వీర్యకణం తయారుకావడానికి సుమారు 61 రోజులు పడుతుంది. ఆ తర్వాత ఎపిడిడిమిస్ అనే మెలికల గొట్టంలో ప్రయాణించి పక్వం కావడానికి మరో వారం, పది రోజులు కావాలి. అందువల్ల ఈ రోజు వచ్చిన జ్వరం ప్రభావం వీర్యంలో రెండు మూడు వారాల తర్వాత కనిపించడం మొదలవుతుంది. జ్వరం తగ్గి, ఆంబోతు మేత మేస్తూ హుషారుగా తిరిగే రోజుల్లోనే దాని వీర్యం అధ్వానంగా ఉంటుంది. మళ్లీ మామూలు స్థితికి రావాలంటే కనీసం రెండు నెలలు ఆగాలి. లంపీ స్కిన్ వ్యాధి దీనికి మంచి ఉదాహరణ. 2019లో మన దేశంలో ఈ వ్యాధి మొదట బయటపడింది ఒడిశాలోనే. 2022లో చాలా రాష్ట్రాలను వణికించింది. చర్మం మీద గడ్డలతో పాటు తీవ్ర జ్వరం తెచ్చే ఈ వ్యాధిలో వృషణాలూ వాస్తాయి, వీర్యంలో వైరస్ కూడా ఉండవచ్చు. కొన్ని ఆంబోతులు కొంతకాలానికి కోలుకుంటాయి, కొన్ని శాశ్వతంగా గొడ్డుపోతాయి. గాలికుంటు జ్వరం నుంచి లేచిన ఆంబోతునూ ఇదే దృష్టితో చూడాలి.

పుట్టుకతో వచ్చే లోపాలు

దూడ పుట్టేసరికి రెండు వృషణాలూ పొట్టలోంచి తిత్తిలోకి దిగి ఉండాలి. కొన్నిట్లో ఒకటి గాని, రెండూ గాని లోపలే నిలిచిపోతాయి. దూడల్లో ఇది అరుదు. పందులు, గుర్రాలు, మేకలు, కుక్కల్లో ఎక్కువ. పొట్టలో వేడికి ఆ వృషణం వీర్యకణాలను తయారు చేయలేదు. హార్మోన్‌ను మాత్రం తయారు చేస్తూనే ఉంటుంది. అందుకే రెండు వృషణాలూ దిగని జంతువు కూడా మగ లక్షణాలతో, ఆడదాని వెంట పడుతూనే ఉంటుంది. ఒక్కటే దిగినదైతే సంతానం కలిగిస్తుంది, కానీ లోపాన్నీ పిల్లలకు అందిస్తుంది. అందుకే దాన్ని విత్తనానికి ఉంచకూడదు. కుక్కల్లో లోపలే ఉండిపోయిన వృషణానికి కంతి వచ్చే ముప్పు కూడా ఎక్కువ.

మరో లోపం వృషణాలు పూర్తిగా ఎదగకపోవడం. ఒకటి మామూలుగా, మరొకటి చిన్న గోలీలా ఉంటుంది. స్వీడన్‌లోని హైలాండ్ ఆవుల్లో 1930లలో ఈ లోపం విస్తృతంగా కనిపించింది. ఎక్కువగా ఎడమ వృషణమే చిన్నదిగా ఉండేది. ఇది వంశపారంపర్యమని తేల్చిన అక్కడి పశువైద్యులు, లోపం ఉన్న ఆంబోతులను సంతానోత్పత్తి నుంచి తప్పించారు. కొన్నేళ్లలోనే సమస్య బాగా తగ్గింది. మందు లేదు, టీకా లేదు. చేత్తో తడిమి చూసి వేరు చేయడమే చికిత్స అయింది.

మేకల్లో ఇంకో విచిత్రం ఉంది. కొమ్ములు లేకుండా చేసే జన్యు మార్పే కొన్ని జాతుల మేకల్లో లైంగిక అవయవాల ఎదుగుదలనూ దెబ్బతీస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ మార్పు అందుకున్న ఆడపిల్లలు మగ లక్షణాలతో గొడ్డువిగా పుడతాయి. అలాంటి పోతుల్లో కొన్నిటికి ఎపిడిడిమిస్ మూసుకుపోయి వీర్యకణాలు బయటికి రావు. అందుకే కనీసం పోతుకైనా, మేకకైనా కొమ్ములు ఉండేలా జత కలపమని చెబుతారు. ఇది మేకలకే పరిమితం. కొమ్ములు లేని మోటు పశువులకు ఈ భయం లేదు.

బ్రూసెల్లా: వాచిన వృషణం వెనుక

ఐదో నెల దాటాక, ముఖ్యంగా ఏడో నెల ప్రాంతంలో ఆవులు ఈసుకుపోతుంటే, మాయ పడకుండా నిలిచిపోతుంటే పశువైద్యులు మొదట అనుమానించేది బ్రూసెల్లోసిస్‌ను. 1887లో మాల్టా దీవిలో జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహం నుంచి డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఈ కుటుంబానికి చెందిన సూక్ష్మజీవిని మొదట వేరు చేశారు. పదేళ్ల తర్వాత, 1897లో, డెన్మార్క్ పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ ఆవుల గర్భస్రావాలకు కారణమయ్యే బ్రూసెల్లా అబార్టస్‌ను కనుగొన్నారు.

ఈ సూక్ష్మజీవి ఆవులో గర్భసంచిని పట్టుకుంటే, ఆంబోతులో వృషణాలను, ఎపిడిడిమిస్‌ను, వీర్య ద్రవాన్ని తయారుచేసే గ్రంథులను పట్టుకుంటుంది. ఎక్కువసార్లు ఒక వైపు తిత్తి ఉన్నట్టుండి వాచి, వేడిగా, ముట్టుకుంటే తన్నేంత నొప్పిగా ఉంటుంది. తర్వాత వాపు తగ్గి వృషణం గట్టిపడుతుంది, లేదా లోపల చీము గూడు కడుతుంది. ఏ వాపూ లేకుండా వీర్యంలో క్రిములను మోసే ఆంబోతులూ ఉంటాయి. కొన్నిటికి మోకాళ్లు వాస్తాయి.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. మందలో బ్రూసెల్లా పాకేది ముఖ్యంగా ఈసుకుపోయిన పిండం, మాయ, వాటి స్రావాలు పడిన గడ్డీ నీళ్ల ద్వారానే. సహజంగా దాటడం వల్ల ఆవుకు సోకడం తక్కువ. అదే ఆంబోతు వీర్యాన్ని కృత్రిమ గర్భధారణకు వాడితే, క్రిములు నేరుగా గర్భసంచిలోకి చేరి ప్రమాదం పెరుగుతుంది. ఒకసారి పట్టిన వీర్యంలో సుమారు 500 కోట్ల వీర్యకణాలు ఉంటాయి. ఒక్కో గొట్టంలో 2 కోట్ల కణాలు నింపినా 250 గొట్టాలు తయారవుతాయి. రోగం కూడా అన్ని ఊళ్లకు వెళ్లగలదు. అందుకే మన దేశంలో వీర్య కేంద్రాల ఆంబోతులకు క్షయ, జోన్స్ వ్యాధి, బ్రూసెల్లోసిస్, క్యాంపైలోబ్యాక్టీరియోసిస్, ట్రైకోమోనియాసిస్ పరీక్షలు క్రమం తప్పకుండా చేస్తారు. రోగం తేలిన ఆంబోతును కేంద్రం నుంచి తీసేస్తారు.

ఊరి ఆంబోతుకు మాత్రం ఇలాంటి పరీక్షలు జరగవు. టీకా రక్షణా లేదు. 2019 సెప్టెంబరులో మథురలో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల వయసున్న ఆడ దూడలకు బ్రూసెల్లా టీకా వేస్తున్నారు. మగ దూడలకు వేయరు. ఇది నిర్లక్ష్యం కాదు. ఆ టీకాలో ఉండేది బలహీనపరచిన సజీవ సూక్ష్మజీవి. మగ దూడల్లో అది వృషణాల వాపు తెచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి ఆంబోతు విషయంలో మిగిలిన దారి రక్తపరీక్ష ఒక్కటే. రోజ్ బెంగాల్ అనే గులాబీ రంగు ద్రవంతో ఒక చుక్క రక్తరసాన్ని కలిపితే, రోగం ఉన్నప్పుడు నాలుగు నిమిషాల్లో గుగ్గిళ్లలా గడ్డలు కడుతుంది. తేలితే మరో పరీక్షతో నిర్ధారించుకోవాలి. మందులతో పూర్తిగా నయమవుతుందన్న నమ్మకం లేదు. ఆంబోతును మందనుంచి వేరుచేసి, సంతానోత్పత్తికి వాడకుండా ఆపడమే మార్గం.

బ్రూసెల్లా మనుషులకూ సోకుతుంది. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు, రాత్రి చెమటలు దాని లక్షణాలు. మగవారిలో వృషణాల వాపు కూడా రావచ్చు. మలేరియా ఎక్కువగా ఉండే బస్తర్ వంటి చోట ఇలాంటి జ్వరాన్ని మలేరియాగా పొరబడే వీలుంది. మలేరియా పరీక్షలో ఏమీ తేలకపోతే, ఇంట్లో ఈసుకుపోయిన ఆవు ఉందన్న సంగతి డాక్టరుకు చెప్పాలి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోకూడదు, కుక్కలకు వేయకూడదు. సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. పాలు కాచి తాగాలి.

రోగం కనిపించని రోగి

వాచిన వృషణమైతే కనీసం కంటికి కనిపిస్తుంది. ఏ లక్షణమూ చూపని రెండు వ్యాధులు ఉన్నాయి. ఒకటి ట్రైకోమోనియాసిస్. ట్రైట్రైకోమోనాస్ ఫీటస్ అనే ఏకకణ జీవి దీనికి కారణం. రెండోది క్యాంపైలోబ్యాక్టర్ అనే బాక్టీరియా వల్ల వచ్చేది. ఈ రెండూ ఆంబోతు పురుషాంగం మీద, దాని తొడుగు తోలు ముడతల్లో కాపురం ఉంటాయి. ఆంబోతుకు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, వీర్యమూ చెడదు. దాటిన ప్రతి ఆవుకూ మాత్రం అంటిస్తుంది. వయసు పెరిగినకొద్దీ తోలు ముడతలు లోతవుతాయి కాబట్టి నాలుగేళ్లు దాటిన ఆంబోతులు జీవితాంతం వీటిని మోసే అవకాశం ఎక్కువ.

ఆవులో ఏం జరుగుతుంది? కడుతుంది, కానీ కొద్ది వారాల్లోనే పిండం చనిపోతుంది. అంత చిన్న పిండం పోయినట్లు ఎవరికీ తెలియదు. ఆవు మళ్లీ ఎదకు వచ్చినప్పుడు అసలు కట్టలేదనుకుంటారు. ఇక్కడ రోజుల లెక్క దారి చూపుతుంది. ఆవు ఎద చక్రం 21 రోజులు. దాటిన ఆవు సరిగ్గా 21 రోజులకు తిరగపొర్లితే ఆ విడత అసలు కట్టలేదని అనుకోవచ్చు. 30, 40, 60 రోజులకు, ఒక క్రమం లేకుండా మందలో చాలా ఆవులు తిరగపొర్లుతుంటే, కట్టి పోయాయని అనుమానించాలి. వేలు ఆంబోతు వైపు చూపించాలి. ఐదు నెలలు దాటాక ఈసుకుపోతుంటే బ్రూసెల్లా వైపు చూడాలి. గోడ మీద బొగ్గుతో రాసుకున్న తేదీలు కూడా ఇలాంటప్పుడు పశువైద్యుడికి ఎంతో పనికొస్తాయి.

నిర్ధారణకు తొడుగు తోలు లోపల కడిగి తీసిన నీటిని ప్రయోగశాలలో పరీక్షిస్తారు. ఒక్కసారి దొరకకపోతే లేనట్లు కాదు, వారం తేడాతో మూడుసార్లు చూస్తారు. ఆవులు చాలావరకు మూడు నెలలపాటు ఆంబోతుకు దూరంగా ఉంచితే వాటంతట అవే కోలుకుంటాయి. ట్రైకోమోనియాసిస్ సోకిన ఆంబోతును మాత్రం తప్పించాల్సిందే. ఇరవయ్యో శతాబ్దం తొలి అర్ధభాగంలో యూరప్ పాడి మందల్లో కృత్రిమ గర్భధారణ వేగంగా వ్యాపించడానికి మేలుజాతి దూడల మీద ఆశతో పాటు ఈ సుఖవ్యాధుల బెడద కూడా కారణం. మన దేశంలో 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో సంపత్ కుమారన్ మొదటిసారి ఈ పద్ధతిని వాడారు.

గాయాలు, పుండ్లు

అడవిలో మేసే ఆంబోతుకు ముళ్లూ మోళ్లూ ఎదురవుతూనే ఉంటాయి. మూపురం జాతుల్లో పురుషాంగం తొడుగు తోలు కిందికి వేలాడుతుంది కాబట్టి గీరుకుపోవడం, గాయం కావడం ఎక్కువ. గాయం మీద ఈగలు గుడ్లు పెడితే రెండు మూడు రోజుల్లో పురుగులు పడతాయి. మానిన మచ్చ తోలును బిగించేస్తే పురుషాంగం బయటికి రాదు. ఆంబోతు ఆవు మీదికి ఎక్కుతుంది, దిగుతుంది, పని మాత్రం జరగదు. దీనికి వ్యతిరేకంగా, బయటికి వచ్చిన అంగం వాచి లోపలికి పోకపోతే అది అత్యవసర పరిస్థితి. శుభ్రమైన తడి గుడ్డతో కప్పి, ఎండిపోకుండా చూస్తూ అదే రోజు వైద్యం అందించాలి.

దాటే సమయంలో ఆవు పక్కకు జరిగితే ఆంబోతు అంగం వంగి లోపల రక్తనాళపు పొర చిట్లవచ్చు. తిత్తికి ముందు, పొట్ట కింద ఉన్నట్టుండి ముద్దలాంటి వాపు వస్తుంది. దాన్ని చీముగడ్డ అనుకొని కోయడం పెద్ద పొరపాటు. కొన్ని నెలలు విశ్రాంతి ఇస్తే కొన్ని మానుతాయి. ఐబీఆర్ అనే హెర్పిస్ వైరస్ అంగం మీద చిన్న పొక్కులు, పుండ్లు తెస్తుంది. పుండ్లు మానినా వైరస్ నాడీ కణాల్లో దాక్కొని, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు మళ్లీ బయటపడుతుంది.

పొట్టేలు, పంది, కుక్క

పొట్టేళ్లలో బ్రూసెల్లా ఓవిస్ అనే మరో రకం ఎపిడిడిమిస్‌ను వాచేలా చేస్తుంది. దీన్ని 1950లలో న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో గుర్తించారు. తిత్తి అడుగున, వృషణం చివర నిమ్మకాయంత గట్టి ముద్ద చేతికి తగలడం దీని గుర్తు. మగ పందుల్లో బ్రూసెల్లా సూయిస్ వృషణాలను వాచేలా చేస్తుంది. మనుషులకూ ప్రమాదమే. దోమల ద్వారా వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌కు పందులు నిలయమని చాలామందికి తెలుసు. అదే వైరస్ మగ పందుల్లో వృషణాల వాపుకు, వీర్యకణాలు తగ్గడానికి, ఆడ పందుల్లో చనిపోయిన పిల్లలు పుట్టడానికి కారణమవుతుంది.

వీధికుక్కల్లో కనిపించే ఒక కంతి జీవశాస్త్రంలోనే వింత. మగ కుక్క అంగం మొదట్లో క్యాలీఫ్లవర్‌లా పెరిగి, రక్తం కారుతుంటుంది. దీనికి కారణం క్రిమి కాదు. జత కట్టినప్పుడు ఒక కుక్క నుంచి మరో కుక్కకు క్యాన్సర్ కణాలే అంటుకొని పెరుగుతాయి. 1876లోనే రష్యా పశువైద్యుడు నొవిన్‌స్కీ ఒక కుక్క కంతి ముక్కను మరో కుక్కకు అంటించి పెంచగలిగారు. కుక్క కణంలో 78 క్రోమోజోములు ఉంటే ఈ కంతి కణాల్లో 57 నుంచి 64 మాత్రమే ఉంటాయి. వేల ఏళ్ల కిందట ఒకానొక కుక్కలో పుట్టిన కణాలే ఇప్పటికీ ప్రపంచమంతా కుక్క నుంచి కుక్కకు మారుతూ బతుకుతున్నాయని జన్యు పరిశోధనలు తేల్చాయి. భయపెట్టే ఈ కంతి విన్‌క్రిస్టిన్ అనే మందుకు, వారానికి ఒకటి చొప్పున నాలుగు నుంచి ఆరు మోతాదుల్లో చాలావరకు కరిగిపోతుంది. సంతాన నిరోధక శస్త్రచికిత్సలు పెరిగితే దాని వ్యాప్తి కూడా తగ్గుతుంది.

కన్ను, చెయ్యి, టేపు, రక్తపు చుక్క

ఇన్ని వ్యాధుల జాబితా చూస్తే పరీక్ష కష్టమనిపించవచ్చు. నిజానికి ఎక్కువ భాగం ఖరీదు లేనిదే. ఆంబోతు నడకలో కుంటు ఉందా, కళ్లు బాగున్నాయా అని మొదట చూస్తారు. తర్వాత తిత్తిని వెనుక నుంచి రెండు చేతులతో తడుముతారు. రెండు వృషణాలు ఉన్నాయా, ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్నాయా, పక్వానికి వచ్చిన పండులా కాస్త గట్టిగా, కాస్త మెత్తగా ఉన్నాయా అన్నది ముఖ్యం. రాయిలా ఉన్నా, పిండిముద్దలా ఉన్నా అనుమానమే. టేపుతో తిత్తి చుట్టుకొలత కొలుస్తారు. చుట్టుకొలత ఎక్కువైతే వీర్యకణాల తయారీ కూడా ఎక్కువ. 15 నెలల విదేశీ జాతి కోడెకు కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలంటారు. మోటు లాంటి పొట్టి జాతికి ఈ అంకె వర్తించదు. అదే మందలో, అదే వయసు కోడెలను పక్కపక్కన కొలిచి పోల్చుకోవడం మేలు. చివరగా వీర్యం చుక్కను సూక్ష్మదర్శిని కింద చూసి కదలికను, ఆకారాన్ని పరిశీలిస్తారు. రక్తం బ్రూసెల్లా పరీక్షకు పంపుతారు. ఒంగోలు జాతి వారసులైన నెలోర్ పశువులను కోట్లలో పెంచే బ్రెజిల్‌లో, దాటింపు కాలానికి ముందు ఆంబోతులకు ఇలాంటి పరీక్ష చేయించడం పశుపోషకులకు తెలిసిన పద్ధతి.

ఎవరిని కొట్టించాలి, ఎవరిని ఉంచాలి

కొంటా వంటి చోట అసలు నిర్ణయం జరిగేది కోడెదూడ రెండేళ్ల వయసులో. బలమైన, ఏపుగా ఎదిగిన కోడెను విత్తు కొట్టించి నాగలికి కడతారు. ఎవరూ పట్టించుకోని కోడె మందలో ఆంబోతుగా మిగిలిపోతుంది. తర్వాతి తరం దూడలన్నిటికీ అదే తండ్రి. దున్నడానికి పెంచే చాలా దేశవాళీ జాతులకు ఈ చిక్కు ఉంది. కొట్టించే వయసుకు ముందే తడిమి, కొలిచి, అన్నిటిలో మంచిదాన్ని విత్తనానికి ఉంచి, లోపం ఉన్నవాటిని ముందుగా కొట్టిస్తే పరిస్థితి తిరగబడుతుంది.

కొట్టించే పద్ధతిలోనూ జాగ్రత్త అవసరం. కర్రల మధ్యనో, రాళ్లతోనో నలిపే పాత పద్ధతి పశువుకు నరకం. పుండు పడి ధనుర్వాతం వచ్చే ప్రమాదం ఉంది. సగం నలిగిన వృషణంతో పశువు ఎద్దూ కాక ఆంబోతూ కాక మిగిలిపోవచ్చు. చర్మం తెగకుండా లోపలి నాళాలను మాత్రమే నొక్కే బర్డిజో పరికరంతో, నొప్పి తెలియకుండా మందిచ్చి పశువైద్యుడు చేస్తే కొద్దిసేపటి పని. మేకపోతులకు మరీ చిన్న వయసులో కొట్టిస్తే మూత్రనాళం సన్నగా ఉండిపోయి, రాళ్లు అడ్డుపడి మూత్రం బిగుసుకుపోవచ్చు.

ఊరంతటికీ ఒకే మంద ఉన్నచోట ఒక్క ఇంటివారి జాగ్రత్త చాలదు. కొత్త ఆంబోతును సంత నుంచి తెచ్చినా, పక్క రాష్ట్రపు బంధువుల దగ్గర నుంచి తెచ్చినా రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా కనీసం ఒక నెల విడిగా కట్టేయాలి. మందలో ఒకే ఆంబోతును ఏళ్ల తరబడి ఉంచకూడదు. ముసలి ఆంబోతు తోలు ముడతల్లో దాగే వ్యాధులతో పాటు, తన కూతుళ్లనే దాటడం వల్ల వచ్చే వంశ లోపాలు కూడా పెరుగుతాయి. మూడు నాలుగేళ్లకు ఒకసారి మార్చడం మంచిది. పశువైద్యశాల దూరమైతే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు.

మోటు జాతి పశువు రోజుకు ఇచ్చే పాలు తక్కువ, సంతలో పలికే ధరా తక్కువే. కానీ కొండవాలు వరి మళ్లలో, ట్రాక్టరు దిగని చోట దున్నేది అదే. ఆ జాతి నిలవాలంటే ఏటా దూడలు పుట్టాలి. ఆవు తిరగపొర్లిందని సంతకు తోలే ముందు, ఊళ్లో ఎన్ని ఆవులు అలా తిరిగాయో, ఎన్ని రోజులకు తిరిగాయో ఒకసారి లెక్కవేసి, ఆంబోతును పరీక్ష చేయించాలి. సగం సందర్భాల్లో దోషం ఆవుదే అని తేలినా నష్టం లేదు. మిగతా సందర్భాల్లో మాత్రం ఒక మంచి ఆవు, దాని దూడ, ఆ మందలోని మిగతా ఆవులూ దక్కుతాయి.